రవిక కుట్టి మనిషిని సన్నబడమంటారా?

రవిక కుట్టించుకోవడం గురించి మనకెవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. ముందు కొలతలిస్తాం. ఆ తర్వాతే టైలరు బట్ట మీద కత్తెర పెడతాడు. చెయ్యి దగ్గర బిగుతైతే విప్పి మళ్ళీ కుట్టమంటాం. అంతేగాని, ఆయన తన ఇష్టమొచ్చిన కొలతకు రవిక కుట్టేసి, "మీరే కాస్త సన్నబడండమ్మా, భుజాలు కాస్త లోపలికి లాక్కోండి" అంటే ఊరుకుంటామా? మర్నాటినుంచి ఆ వీధిలో ఆ మిషను ఆడుతుందా?

మరి పాట విషయంలో సరిగ్గా ఇదే పని జరుగుతుంటే నోరు మూసుకుని, పైపెచ్చు గంటకింత అని డబ్బులిచ్చి మరీ వస్తున్నాం. "మీ పాట కొలత తప్పింది" అంటే తలొంచుకుని, నిజమే కాబోలు అనుకుంటున్నాం. నా కోపమంతా అదే. నా కోపం మిషను మీద కాదు సుమండీ. కొలతలు తీసుకోకుండా కత్తెర పట్టుకునే చేతిమీద.

నేను చెప్పేది క్లిక్ ట్రాక్ గురించి. పేరు వినగానే, ఇదేదో మనకు సంబంధించింది కాదని పేజీ తిప్పెయ్యకండి. మీ ఇంట్లో పాటలొచ్చిన పెద్దావిడ ఒకరుంటే, ఆవిడ గొంతు దాచుకోవాలని మీకెప్పుడైనా అనిపించి ఉంటే, ఇది మీకు సంబంధించిందే.

స్టూడియోలో పాడేవాళ్ళ చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలిస్తారు చూడండి. అందులో టక్, టక్, టక్ మని ఒక చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. బయటివాళ్ళకు వినపడదు. పూర్తయిన పాటలోనూ ఉండదు. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు మాత్రం దాన్ని పట్టుకుని నడవాలి. ఇవాళ గొంతు, రేపు డోలకు, ఎల్లుండి వయొలిన్ విడివిడిగా రికార్డు చేసినా చివరకు అన్నీ ఒకదానిమీదొకటి సరిగ్గా కూచోవాలంటే, అందరికీ ఉమ్మడిగా ఒక గుర్తు ఉండాలి కదా. ఆ గుర్తే క్లిక్కు.

దీనికి తాతలాంటిది మెట్రొనోమ్. 1815లో మేల్జెల్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. 1817లో బీథోవెన్ అంతటి మహానుభావుడు తన సింఫనీలను ఏ వేగంతో వాయించాలో ఆ యంత్రం అంకెల్లో ప్రకటించాడు. తర్వాత సినిమాకు మాటలొచ్చాయి. 1920ల చివర, 1930లలో బొమ్మల సినిమాలవాళ్ళకు కొత్త చిక్కొచ్చి పడింది. తెరమీద ఎలుక కాలు కింద పెట్టే క్షణానికి సరిగ్గా డోలు మోగాలి. ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. పన్నెండు బొమ్మలకొక దెబ్బ అనుకుంటే సెకనుకు రెండు, అంటే నిమిషానికి 120. పద్దెనిమిది బొమ్మలకొక దెబ్బయితే నిమిషానికి 80. ఈ లెక్కన ఫిల్ముకు చిల్లులు పొడిచి, ఆ టక్కులు వాద్యగాళ్ళ చెవుల్లో వినిపించారు.

ఇక్కడొక మాట గమనించండి. పుట్టినప్పుడు క్లిక్కు బొమ్మకు సేవకురాలు. ఎలుక పరిగెత్తితే అదీ పరిగెత్తేది, ఎలుక నడిస్తే అదీ నడిచేది. ఎలుకనే క్లిక్కుకు తగ్గట్టు నడవమని ఎవరూ అనలేదు. తెరమీది ఎలుకకు దక్కిన ఆ పాటి మర్యాద మన ఇంటి పెద్దావిడకు దక్కకపోవడమేమిటి?

ఇంత ఉక్రోషం ఎందుకొచ్చిందో చెబుతాను. మా అత్తమ్మకు అక్క ఒకావిడ ఉంది. మాకందరికీ పెద్దత్తమ్మ. వనపర్తికి అవతల ఒక పల్లెలో ఉంటుంది. వయసు డెబ్భై దాటింది. బతుకమ్మ పాటలు, దంపుళ్ళ పాటలు, హారతులు, పెళ్ళిపాటలు ఎన్ని వచ్చో ఆవిడకే లెక్క తెలియదు. మనవరాలి పెళ్ళి కుదిరినప్పుడు, ఆవిడ పాటలు ఎనిమిదైనా రికార్డు చేయిద్దామని ఇంట్లో ఆడవాళ్ళమంతా తలా ఇంత వేసుకుని ఒక స్టూడియోకి తీసుకెళ్ళాం. ఏ ఊరి స్టూడియో అన్నది ఇక్కడ అనవసరం. ఏ ఊళ్ళోనైనా ఇదే వరస.

కుర్రాడు మంచివాడే. మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. కంప్యూటర్లో ఏదో నొక్కి, హెడ్‌ఫోన్లు పెద్దత్తమ్మ చెవులకు పెట్టి పాడమన్నాడు. ఆవిడ అప్పగింతల పాట ఎత్తుకుంది. రెండు వరసలు పాడిందో లేదో ఆపేశాడు.

"అవ్వా, టైం తప్పుతున్నరు. టక్కు వినుకుంట పాడుండ్రి."

మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ ఆపాడు. నాలుగోసారి పెద్దత్తమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను తప్పుతలేను బిడ్డా. నీ డబ్బనే తప్పుతుంది. బిడ్డను అప్పజెప్పెటప్పుడు తల్లి జెర ఆగదా? గది ఆగనిస్తలేదు."

ఆవిడ ఒక్క మాటలో సంగీతశాస్త్రమంతా చెప్పేసింది. ఆ పాటలో తల్లి కూతురి చెయ్యి అత్తగారి చేతిలో పెట్టే చోట ఆవిడ రెండు మాత్రలు ఎక్కువ తీసుకుంటుంది. పెళ్ళిపందిట్లో ముక్కులు ఎగబీల్చేది అక్కడే. ఆ రెండు మాత్రలూ పొరపాటున వచ్చినవి కావు. ఆవిడ ఎప్పుడు పాడినా అక్కడ రెండే. మూడుండవు, ఒకటుండదు. అదీ ఒక లెక్కే. ఆ కుర్రాడి డబ్బాలో ఆ లెక్క లేదు, అంతే.

చివరికేమైంది? ఆవిడ ఎలాగో పాడింది. కుర్రాడు ఆగినచోటల్లా కత్తిరించి, జరిపి, సాపు చేసి ఇచ్చాడు. పెళ్ళిలో స్పీకర్లో పెట్టారు. పాట జామ్మని సాగిపోయింది. అప్పగింతల పాట బస్టాండులో పాటలాగా వినిపించి, ఎవరి మానాన వాళ్ళు భోజనాలకు లేచారు. పక్కనే కూచున్న పెద్దత్తమ్మను "నువ్వు పాడు" అంటే, "నాకు పాట రాదంట బిడ్డా, టైం తప్పుతదంట" అంది. యాభై ఏళ్ళు ఊరంతటికీ ఆడపిల్లల్ని అప్పగించిన గొంతు ఆ రోజు మూగబోయింది. ఇప్పుడు ఇంట్లో పిల్లలు నేర్చుకునేదేది? స్పీకర్లోంచి వచ్చిన సాపు పాట. ఆ రెండు మాత్రలూ ఇక ఎవరికీ తెలియవు. పాట పోలేదు, పాటలోని తల్లి పోయింది.

"లయ తప్పితే తప్పని అనకూడదా?" అని ఎవరైనా దబాయించవచ్చు. అనవలసిందే. శ్రుతి తల్లి, లయ తండ్రి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. కాని లయ తప్పడం వేరు, లయ కదలడం వేరు. మతి తప్పిన నడకకూ, ముందు నెమ్మదిగా మొదలై తర్వాత జోరందుకున్న నడకకూ తేడా లేదూ? కోలాటం చూడండి. మెల్లగా మొదలవుతుంది, చివరకు కర్రలు కంటికి ఆనవు. భజన కూడా అంతే. చివర్లో తాళాలు ఎగిరి దూకుతాయి. వాటికి మొదటినుంచి చివరిదాకా ఒకే అంకె బిగించి చూడండి, భక్తీ రాదు, ఆటా రాదు. తండ్రి చెయ్యి పట్టుకుని నడిపిస్తాడు, పిల్ల అలిసిపోతే అడుగు తగ్గిస్తాడు. చెవి దగ్గర కర్ర పెట్టి టక్కుటక్కుమనిపించేవాడు తండ్రెలా అవుతాడు?

పోనీ, మన పాట గడియారం ఎక్కడుండేదో ఆలోచించండి. దంపుళ్ళ పాటకు రోకలి గడియారం. విసుర్రాయి పాటకు రాయి తిరిగే చుట్టు గడియారం. నాట్ల పాటకు వంగి లేచే నడుము. బతుకమ్మకు అడుగూ చప్పట్టూ. మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మనాడు వలయంలో పదిమంది ఉంటారు, సద్దుల బతుకమ్మనాటికి వాడంతా చేరుతుంది. చిన్నపిల్లలు కలిస్తే అడుగు చిన్నదవుతుంది, చంకలో బిడ్డతో తల్లి కలిస్తే చప్పట్టు నిదానిస్తుంది. పాట వాళ్ళకోసం సర్దుకుంటుంది. ఒళ్ళు అలిస్తే పాట నెమ్మదించేది, ఒళ్ళు ఊపందుకుంటే పాట పరిగెత్తేది. ఆ ఒంటిని మనం తీసేసి, దాని జాగాలో ఒక అంకె పెట్టాం.

ఆ అంకె ఎవరు పెట్టిందో తెలుసా? క్యూబేస్, ప్రోటూల్స్, లాజిక్, రీపర్ — ఈ రికార్డింగు సాఫ్ట్‌వేర్లలో ఏది కొత్తగా తెరిచినా మామూలుగా కనిపించేది ఒకటే: వేగం 120, తాళం 4/4. అంటే నిమిషానికి 120 దెబ్బలు, నాలుగేసి దెబ్బలకొక ఆవృత్తం. ఎక్కడో తయారుచేసినవాళ్ళు, మొదట ఏదో ఒకటి ఉండాలి కదా అని పెట్టిన అంకె అది. అద్దెకు దిగిన కొత్తింట్లో వెనకటివాళ్ళు వదిలిపెట్టి వెళ్ళిన మేకులాంటిది. దానికే మన ఫొటోలన్నీ తగిలిస్తున్నాం! మరీ బద్ధకం లేకపోతే 120ని 100 చేస్తారు. ఆ 4/4 మాత్రం కదలదు. ఎందుకంటే తయారుగా దొరికే డోలకు ముక్కలు, డీజే దరువులు దానికే అతుక్కుంటాయి గనుక. ఏటా బతుకమ్మ ముందు వచ్చే కొత్త పాటలు వరసగా పది వినండి. పూలు వేరు, పాడేవాళ్ళు వేరు, అడుగు మాత్రం ఒకరిదే!

తాళాల విషయంలో మనం బీదవాళ్ళమా? చతురశ్రం నాలుగు, తిశ్రం మూడు, ఖండం అయిదు, మిశ్రం ఏడు, సంకీర్ణం తొమ్మిది. వేళ్ళు మడిచి లెక్కపెట్టే చంటిపిల్లకు కూడా తకిట అంటే మూడని, తకధిమి అంటే నాలుగని నేర్పించవచ్చు. రెండూ కలిపితే ఏడు. ఇంత ఉన్న ఇంట్లో పుట్టి, ఒక్క నాలుగుతో సంసారం ఈడ్చవలసిన కర్మ మనకేమిటి?

అన్నట్టు, మన మూడు జిల్లాల సంగతి చూడండి. 2016లో పాత మహబూబ్‌నగర్ జిల్లా పంచినప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరయ్యాయి. అంతకుముందు గద్వాల, వనపర్తి సంస్థానాలు. ప్రభువులున్నచోట పండితులు, గాయకులు చేరడం మామూలే. కాని ఇక్కడి అసలు ఆస్తి కోటల బయటుంది. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటనుంచి వచ్చిన దర్శనం మొగులయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెర వినండి. 2021లో "భీమ్లా నాయక్" సినిమా పాటలో ఆయన గొంతు రాష్ట్రమంతా మోగింది, 2022లో పద్మశ్రీ ఇచ్చారు. పండుగ సాయన్న కథలాంటివి చెప్పే గాయకుడికి కిన్నెరే పక్కవాద్యం, కిన్నెరే శ్రోత. కథ పరిగెత్తితే తీగె పరిగెత్తాలి, కథకుడు ఊపిరి పీలిస్తే తీగె ఆగాలి. ఆ జిల్లావారే గోరటి వెంకన్నగారు. 2021కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ఆయన పుస్తకం పేరు "వల్లంకి తాళం". పిట్టకు కూడా ఒక తాళముందని పేరులోనే చెప్పిన గడ్డ ఇది. పిట్టకున్నది మా పెద్దత్తమ్మకు లేదంటే ఒప్పుకునేదెట్లా?

ఇక గద్వాల చీర. మనకు తెలియనిదేముంది! ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు నూళ్ళ స్వభావమూ ఒకటి కాదు. నేతగాడు పట్టును నూలు కమ్మనలేదు, నూలును పట్టు కమ్మనలేదు. రెండూ కలిసేచోట పోగుకు పోగు మెలేసి, ఏ ఉతుక్కీ ఊడకుండా కలిపాడు. పల్లవి ఒక నడక, చరణం ఇంకో నడక ఉన్న పాటను కూడా అలాగే కలపాలి. తెలివంతా ఆ కలిసేచోట ఉండాలి. అంచు కుదరలేదని పట్టు తీసేసి చీరంతా నూలే నేసి ఇస్తే, గద్వాల చీరని కొంటామా?

"ఇవన్నీ సరేనమ్మా, మిషనులో అలా కుదరదు" అంటారు కొందరు. అబద్ధం. నిక్షేపంలా కుదురుతుంది. నేను కళ్ళారా చూశాను. పెద్దత్తమ్మ మౌనం భరించలేక, మా అక్క కొడుకుని లాప్‌టాప్‌తో సహా పిలిపించాను. "చిన్నమ్మా, నాకు అంత పెద్ద స్టూడియో లేదు" అన్నాడు. "నీకు చెవులున్నాయి కదరా, చాలు" అన్నాను. వాడు చేసిన పని వంటల శీర్షికలో రాసినట్టు రాస్తాను. మీ ఊరి స్టూడియో అబ్బాయికి చూపించండి.

మొదట, టక్కు లేదు, గిక్కు లేదు. ఆవిడను ఇంట్లో మంచమ్మీదే కూచోబెట్టి, ఆవిడ చప్పట్టుతోనే పాడమన్నాడు. చప్పట్టుకు వేరే మైకు పెట్టాడు. ఇదీ కొలత తీసుకోవడమంటే.

రెండోది, ఆ పాట వింటూ ప్రతి ఆవృత్తం మొదటి దెబ్బమీద ఒక గీత పెట్టుకుంటూ పోయాడు. గీతకూ గీతకూ మధ్య కాలాన్ని బట్టి వేగమెంతో సాఫ్ట్‌వేరే చెబుతుంది. పల్లవి 76 ఉంది, మూడో చరణానికి 84 అయింది. చూశారా, ఆవిడ తోచినట్టు పరిగెత్తలేదు, మెట్టు మెట్టుగా ఎక్కింది. నిమిషానికి 80 అని బిగించిన క్లిక్కుమీద 84 వేగంతో పాడితే, ఒక్క నిమిషంలో నాలుగు దెబ్బలు ముందుకు పోతుంది మనిషి. అంటే ఒక ఆవృత్తం. స్టూడియోలో ఆవిడ "తప్పింది" ఇదే!

మూడోది, ప్రతి దెబ్బకూ వేగం మార్చలేదు. అలా చేస్తే తర్వాత డోలకు వాయించేవాడికి పడవెక్కినట్టు కడుపులో తిప్పుతుందిట. వరసకొక అంకె చొప్పున సర్దాడు. చరణం మొదట్లో వేగం ఒక్కసారి మారేచోట మెట్టులా, మెల్లగా జోరెక్కేచోట ఏటవాలుగా పెట్టాడు. రెండూ సాఫ్ట్‌వేర్లో ఉన్నవే. దానికోసమే ఒక వరస కేటాయించి ఉంటుంది. ఎవరూ తెరవరు, అంతే.

నాలుగోది, తాళం. ఆ తల్లి ఆగే చోట నాలుగు దెబ్బల ఆవృత్తానికి బదులు ఆరు దెబ్బల ఆవృత్తం ఒకే ఒక్కటి పెట్టాడు. తర్వాత మళ్ళీ నాలుగు. ఆవిడ రెండు మాత్రలకూ ఇల్లు దొరికింది! ఇంతటి రాద్ధాంతానికి మందు, ఒక్క గడిలో ఒక్క అంకె మార్చడం.

ఊపు మారేచోట ఇంకో మెలిక ఉంది. ఆరు మాత్రలు మూడు మూడుగా కొడితే ఉయ్యాల, రెండు రెండు రెండుగా కొడితే నడక. మొదటిది 6/8, రెండోది 3/4. లెక్కకు రెండూ ఆరే, కాని ఒకదానికి బిడ్డ నిద్రపోతుంది, రెండోదానికి లేచి కూచుంటుంది. పైగా చాలా సాఫ్ట్‌వేర్లలో వేగం అంకె రెండు మాత్రల దెబ్బను లెక్కపెడుతుంది. 4/4లో 80తో నడిచే పాట 6/8లోకి మారినా దెబ్బ వేగం మారకూడదంటే, అక్కడ అంకె 120 చెయ్యాలి. ఎందుకంటే ఉయ్యాలలో దెబ్బకు మూడు మాత్రలు. అది తెలియక 80 అలాగే ఉంచేస్తే పాట నిమిషానికి 53 దెబ్బలకు పడిపోయి నీరసిస్తుంది. అప్పుడు "అవ్వ జోరుగా పాడుతోంది" అంటారు! ఏడు మాత్రల పాటకు ఏడూ ఒకేలా టక్కుమనిపిస్తే ఏమీ తెలియదు. మూడు, రెండు, రెండుగా విడదీసి, ఒక్కొక్క గుంపు మొదటి దెబ్బ కాస్త గట్టిగా వినిపించాలి.

అయిదోది, మర్యాద. వేగం మారేముందు ఒక ఆవృత్తం పాటు టక్కు చప్పుడే మార్చాడు, ఇదిగో మలుపొస్తోందని తెలిసేలా. తాళం లేకుండా సాకీలా పాడే వరసలకు టక్కు పూర్తిగా ఆపేసి, మళ్ళీ మొదలయ్యేముందు రెండు ఆవృత్తాలు ముందుగా వినిపించాడు. "రెండో చరణం" అని తన గొంతుతో చెప్పి పెట్టాడు. చెవిలో పొడిచే బీప్ తీసేసి చిటికె చప్పుడు పెట్టాడు. చప్పుడు తగ్గించాడు, లేకపోతే హెడ్‌ఫోన్లోంచి కారి మైకులో పడుతుందిట. మా పెద్దత్తమ్మకు ఒక చెవే మూశాడు, రెండో చెవికి తన గొంతు తనకు వినపడాలి కదా.

మర్నాడు ఆ చిటికె వింటూ ఆవిడ మళ్ళీ పాడింది. మధ్యలో ఆగి, "గిది నా లెక్కనే పోతుంది గదరా!" అంది. ఆవిడ లెక్కే మరి! డోలకాయన రెండు రోజుల తర్వాత వచ్చి, నాలుగుసార్లు తడబడి, అయిదోసారి కలిశాడు. తడబడ్డది ఆయన. ఎవరూ ఆవిణ్ణి తప్పని అనలేదు.

దీనికి రెండు వైపులనుంచీ ఎదురుమాటలొస్తాయని నాకు తెలుసు. స్టూడియోవాళ్ళు "ఇదంతా చెయ్యాలంటే టైం పడుతుంది, డబ్బవుతుంది" అంటారు. నిజమే, ఆ ఒక్క పాటకు మావాడికి ఒక పూట పట్టింది. కాని కొలత లేని రవికను నాలుగుసార్లు విప్పి కుట్టడానికి పట్టే టైం మాటేమిటి? ఆవిణ్ణి నాలుగుసార్లు ఆపి, ముక్కలు ముక్కలుగా కత్తిరించి అతికిన టైమంతా బిల్లులో వెయ్యలేదా? టైము లేదంటే, ఎనిమిది పాటలకు బదులు నాలుగే చెయ్యండి. ఎనిమిది శవాలకన్నా నాలుగు ప్రాణాలు నయం కాదూ?

రెండో వైపు పెద్దమనుషులు కొందరున్నారు. "పల్లె పాటకు మిషనేమిటి, క్లిక్కేమిటి, ఉన్నదున్నట్టు వదిలెయ్యండి" అని నిట్టూరుస్తారు. వినడానికి బాగుంటుంది. వెనకటి సినిమా పాటలకు వాద్యబృందమంతా ఒకేచోట కూచుని ఒకేసారి వాయించేవారు, కళ్ళతో సైగలతో కలిసేవారు. ఇప్పుడు డోలకు కర్నూల్లో, వయొలిన్ హైదరాబాద్‌లో, పాడే మనిషి పల్లెలో. ఉమ్మడి గుర్తు లేకపోతే వాళ్ళు కలిసేదెలా? అసలా పెద్దమనుషుల మాటకు అర్థమేమిటి? పట్నం పాటకు పక్కవాద్యాలు, హంగులు, పల్లె ఆడమనిషి పాటకు మాత్రం ఫోనులో గరగరలాడే రికార్డు చాలునని. పేరు అభిమానం, పెట్టేది సవతి కూడు. మొదటి రికార్డును చెక్కు చెదరకుండా దాచండి, అది మూలధనం. దాంతోపాటు పిల్లలు పెళ్ళిలో పెట్టుకోగలిగేలా సొగసుగా ఒకటి చెయ్యండి. రెండూ మనకు కావాలి.

అంచేత అమ్మలారా, ఈసారి స్టూడియో మెట్లెక్కేముందు అడ్వాన్సు చేతికివ్వకుండా నాలుగు ప్రశ్నలు అడగండి. ముందు క్లిక్కు లేకుండా ఒకసారి పాడనిస్తారా? ఆ పాటను బట్టి వేగం గీస్తారా, మీ అంకె మాచేత మోయిస్తారా? తాళం మారేచోట తాళం మారుస్తారా? ఆ మొదటి రికార్డు కత్తిరించకుండా మాకిస్తారా? నాలుగింటికీ అవునంటే కూచోండి. "అలా కుదరదమ్మా" అంటే లేచి వచ్చేయండి. చీరల కొట్లో వంద చీరలు విప్పించి, నచ్చలేదని మొహమాటం లేకుండా లేచి వచ్చేవాళ్ళం, మనకిదొక లెక్కా?

ఇంకొక్క మాట. మీ ఇంటి పెద్దావిడకు ఎవరైనా "టైం తప్పింది" అని చెబితే, ఆ మాట అక్కడే, అప్పుడే ఖండించండి. ఇంటికొచ్చాక ఓదార్చడం కాదు. ఆ వయసులో మూసుకున్న గొంతు మళ్ళీ తెరుచుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరు చెప్పగలరు? మిషనుకు ఇంకా చాలా ఏళ్ళున్నాయి. ఆవిడకు అన్ని ఉండవు.